ఆడపిల్లల టీకా: చిత్రము చెప్పవలసినది, తల్లి యడుగవలసినది

మధ్యాహ్నపు వంటపని ముగిసి, గిన్నెలు బోర్లించి, కొంచెము నడుము వాల్చినప్పుడు సెల్‌ఫోనునందు వీడియోలు చూచుట మనలో అనేకులకు అలవాటైనది. ఊరగాయ పెట్టు విధము, చీరల బేరము, స్తోత్రములు, సినిమా పాటలు, అన్నియు అందులోనే దొరకుచున్నవి. ఈ మాసము నేను మీకు చేయు మనవి యొక్కటే. మీ యింట తొమ్మిది మొదలు పదునాలుగేండ్ల వఱకు వయసుగల ఆడపిల్ల యున్నచో, ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని పది నిమిషముల చిత్రము నొకదానిని చూడుడు. అది గర్భాశయ ముఖద్వారమునకు వచ్చు కాన్సరును గూర్చియు, దానిని రానీయక కాపాడు టీకాను గూర్చియు చెప్పునదై యుండవలయును. అట్టి చిత్ర మెట్లుండవలయును, చూచిన పిమ్మట మనమేమి యడుగవలయును అనునదియే నేటి విషయము.

మన పెద్దలు రాచపుండని చెప్పుకొని భయపడిన వ్యాధియే కాన్సరు. గర్భాశయ ముఖద్వారమునకు వచ్చు కాన్సరు, 2022వ సంవత్సరపు అంతర్జాతీయ గణనము ననుసరించి, ఆ యొక్క యేడాదిలోనే మన దేశమున సుమారు 1,27,000 మంది స్త్రీలకు క్రొత్తగా కనబడెను. సుమారు 80,000 మంది దానివలన మరణించిరి. భారతదేశపు స్త్రీలకు వచ్చు కాన్సరులలో రొమ్ము కాన్సరు తరువాతి స్థానము దీనిదే. ఇది తఱచుగా నడివయసున, అనగా పిల్లల చదువులు, పెండ్లిండ్లు తలమీద నున్న కాలమున, ఇల్లాలిని పట్టుకొనును. ఒక తల్లి పోయిన యిల్లు ఎట్లుండునో మీకు నేను చెప్పనక్కఱలేదు.

అనేక కాన్సరులకు కారణము నిశ్చయముగా చెప్పుట కష్టము. దీనికట్లు కాదు. హ్యూమన్ పాపిలోమా వైరస్ అను సూక్ష్మజీవి దీనికి మూలము. దానినే పొట్టిగా హెచ్.పి.వి. అందురు. జర్మను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ త్సూర్ హౌజెన్ 1980 దశకమున ఈ జాతిలోని 16, 18 సంఖ్యలు గల రకములను కాన్సరు కణములందు కనిపెట్టెను. అందులకు ఆయనకు 2008లో నోబెల్ బహుమానము లభించినది. ఈ వ్యాధి వచ్చిన ప్రతి నూర్గురిలో సుమారు డెబ్బదిమందికి ఆ రెండు రకములే కారణము. స్త్రీపురుషుల శరీరసంబంధము వలన ఈ వైరసు ఒకరినుండి యొకరికి సోకును. సోకినవారిలో ఎక్కువమందికి ఒకటి రెండేండ్లలో దేహమే దానిని తఱిమివేయును. కొందఱిలో మాత్రము అది నిలిచిపోయి, పదునైదు ఇరువదేండ్లకు కాన్సరుగా మాఱును. కావున ఈ వ్యాధి వచ్చిన స్త్రీని గాని, ఆమె భర్తను గాని నడత చెడినవారని శంకించుట తగదు. ఈ వైరసు మిక్కిలి సామాన్యమైనది. పెండ్లియైన స్త్రీపురుషులలో అత్యధికులకు ఎప్పుడో యొకప్పుడు సోకునట్టిది.

టీకాలో బ్రదికియున్న వైరసు లేదు. దాని పై పెంకును పోలిన పదార్థము మాత్రమే యుండును. దానిని చూచి దేహము ముందుగనే శత్రువును గుర్తుపట్ట నేర్చుకొనును. ఈ టీకా 2006లో అమెరికాలోను, 2008లో మన దేశమునను అనుమతి పొందినది. పూనాలోని సీరం ఇన్‌స్టిట్యూట్ వారు ఇచ్చటనే తయారుచేసిన సెర్వావాక్ అను టీకాకు 2022లో అనుమతి లభించెను. వైరసు సోకిన పిమ్మట దానిని వెడలగొట్టు శక్తి టీకాకు లేదు. సోకక మునుపే వేయవలయును. అందువలననే చిన్నవయసున వేయుదురు. చేను ఏపుగా ఎదిగి పశువులు పడిన పిమ్మట కంచె వేయు రైతు ఎవడైన గలడా?

దీని ఫలమును గూర్చి స్కాట్లండు దేశమునుండి 2024లో వెలువడిన వార్త మనకు ధైర్యము కలిగించునది. అచ్చట 2008లో పాఠశాల బాలికలకు టీకా మొదలైనది. పండ్రెండు పదుమూడేండ్ల ప్రాయమున టీకా పూర్తిగా పొందిన స్త్రీలలో, నాటివఱకు ఒక్కరికైనను ఈ కాన్సరు కనబడలేదని అచ్చటి వైద్యపరిశోధకులు ప్రకటించిరి.

ఇంత మేలైన దానికి మన యిండ్లలో జంకేల? ఈ ప్రశ్నకు సమాధానము మన తెలుగునేలమీదనే యున్నది. తల్లులు దానిని తెలిసికొనుట యవసరము.

2009 జూలైలో, నాటి ఆంధ్రప్రదేశమందలి ఖమ్మము జిల్లాలో, భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో సుమారు 14,000 మంది బాలికలకు ఈ టీకా వేయుట ప్రారంభమైనది. పాత్ అను అమెరికా స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్రప్రభుత్వము కలిసి చేసిన కార్యమది. గుజరాతులోని వడోదర జిల్లాలోను ఇట్టిదే జరిగెను. ఖమ్మము బాలికలలో అనేకులు గిరిజనుల బిడ్డలు. తల్లిదండ్రులు గూడెములలో నుండగా వారు వసతిగృహములలో నుండి చదువుకొనుచుండిరి. కొన్ని మాసములలో ఆంధ్రమున అయిదుగురు, గుజరాతున ఇద్దఱు బాలికలు మరణించిరి. ఎల్లెడల కలవరము పుట్టెను. 2010 ఏప్రిలులో ఆ కార్యము నిలిపివేయబడెను. పిదప జరిగిన విచారణలో ఆ మరణములకు నీట మునుగుట, పాముకాటు, పురుగుమందు, చలిజ్వరము వంటి కారణములే గాని, టీకాకు సంబంధము కనబడలేదని తేలినది.

అయినను కథ అంతటితో ముగియలేదు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము వారు సమర్పించిన నివేదిక అంగీకారపత్రముల సంగతిని బయటపెట్టినది. ఆంధ్రమున పరిశీలించిన 9,543 పత్రములలో 1,948 వేలిముద్రలతో నున్నవి. 2,763 పత్రములమీద వసతిగృహముల వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకములు చేసియుండిరి. బిడ్డను కన్న తల్లికి ఏమి చెప్పిరి? ఆమె యేమి యడిగినది? ఆమెకు తెలిసిన భాషలో ఎవరైన విప్పి చెప్పిరా? మరణవార్తలు పుట్టినప్పుడు ఆ తల్లుల భయమును తీర్చగల మాట ఏదియు ముందుగా వారి చెవిని వేయబడియుండలేదు. మందు మంచిదైనను, మాట ముందు నడువనందున, ఆ పేరు వినగనే జంకు పుట్టు స్థితి యేర్పడినది.

దీనికి తోడు మఱియొక వింతయు జరిగినది. అదే కాలమున అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ వారు, టీకా మూడు మోతాదులు కావలయునా రెండు చాలునా యని తేల్చుటకు మన దేశమున పెద్ద పరిశోధన సాగించుచుండిరి. ఖమ్మము కలవరముతో 2010లో అదియు నిలిచెను. తత్ఫలితముగా సుమారు 5,000 మంది బాలికలకు ఒక్క మోతాదు మాత్రమే అందినది. వారిని విడువక పదేండ్లు గమనింపగా, ఒక్క మోతాదుకూడ రెండు మూడు మోతాదులతో ఇంచుమించు సమానముగా వైరసునుండి కాపాడుచున్నదని 2021లో తేలినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ వారు 2022 డిసెంబరులో, తొమ్మిది మొదలు ఇరువదేండ్ల వఱకు గలవారికి ఒక్క మోతాదైనను చాలునని అంగీకరించిరి. దానికి ఆధారమైన వారిలో మన భారత బాలికలు ముఖ్యులు. ఈ సంగతి మన కుమార్తెలకు చెప్పదగినది.

ఇప్పుడు చలనచిత్రముల మాటకు వత్తము. ఖమ్మమున కొఱతపడినది విప్పి చెప్పుట. కథను విప్పి చెప్పుటయే వృత్తిగా గలవారు తెలుగుదేశమున ఎక్కువమంది ఒక్కచోటనే యున్నారు. అది హైదరాబాదునందలి జూబ్లీ హిల్సు, ఫిలిం నగరు. చిత్రపరిశ్రమ మదరాసునుండి తరలివచ్చుటకు దారితీసిన అన్నపూర్ణ స్టూడియోను అక్కినేని నాగేశ్వరరావుగారు 1970 దశకమున ఈ రాతిగుట్టలమధ్యనే నెలకొల్పిరి. పిదప రామానాయుడు స్టూడియో వచ్చినది. నేడు ఆ వీథులలో మాటలు వ్రాయువారు, గొంతు అరువిచ్చువారు, కూర్పుచేయువారు వందలకొలది గలరు.

వీరు తలచుకొన్నచో ఆరోగ్యకార్యము లెట్లు సాగునో అచ్చటనే నిదర్శనములు గలవు. నందమూరి తారకరామారావుగారి సతీమణి బసవతారకమ్మగారు కాన్సరుతో స్వర్గస్థులైరి. ఆమె పేరిట తలపెట్టిన కాన్సరు వైద్యశాల 2000 జూన్‌లో, జూబ్లీ హిల్సు ప్రక్కనే యున్న బంజారా హిల్సులో తెఱువబడినది. చిరంజీవిగారు 1998లో రక్తనిధిని స్థాపింపగా, ఆయన చిత్రములు చూచువారు వేలకొలదిగా వచ్చి రక్తమిచ్చిరి. 2012 నుండి పొగాకును చూపు చిత్రములకు ముందును, నడుమను హెచ్చరికలు వేయుట విధి యైనది. అట్టి ప్రకటనలోని యొక వాక్యము జనులకు ఎంతగా కంఠస్థమైనదనగా, 2018లో తరుణ్ భాస్కర్ తన చిత్రమునకు "ఈ నగరానికి ఏమైంది" అని ఆ మాటనే పేరుగా పెట్టెను.

అయితే, కంఠస్థమగుట వేఱు, మనస్సు మాఱుట వేఱు. ఆ ప్రకటనను పిల్లలు నవ్వుకొనుచు వల్లించుట మనమందఱము విన్నదే. భయపెట్టుటతో గాని, ప్రసిద్ధుల ముఖములతో గాని పని ముగియదు. 2024 ఫిబ్రవరి 2వ తేదీన బొంబాయి నటి యొకామె ఈ కాన్సరుతోనే మరణించినదని ఆమె పేరిట ప్రకటన వెలువడెను. మఱునాడు ఆమెయే కనబడి, జనులకు తెలివి కలిగించుటకై అట్లు చేసితినని చెప్పెను. దేశమంతయు రెండు దినములు ఆ వ్యాధి పేరు పలికినమాట నిజము. కాని నిజముగా ఆ వ్యాధితో బాధపడు స్త్రీలకును, వారి బిడ్డలకును అది యెట్టి గాయము! మోసముతో మొదలైన బోధను తల్లులు రెండవసారి నమ్ముదురా? అంతేకాదు, ముఖమును చూచి నమ్ముటకును కాలము పోయినది. 2023 నవంబరులో రష్మిక మందన్నగారి ముఖమును వేఱొక స్త్రీ వీడియోకు యంత్రముతో అతికించి లోకముమీదికి వదలిరి. రేపు వైద్యుల ముఖములతోను అట్లే చేయవచ్చును.

చిత్రమునకు గల శక్తి రెండంచుల కత్తి వంటిదని డెన్మార్కు దేశపు అనుభవము చెప్పుచున్నది. అచ్చట 2015 మార్చిలో టెలివిజనునందు ప్రదర్శింపబడిన యొక చిత్రము, టీకా వేసికొన్న బాలికలు కొందఱు జబ్బుపడిరని చూపెను. ఆ జబ్బులకు టీకాయే కారణమని పరిశోధనలు నిరూపింపలేదు. అయినను తల్లులు జంకిరి. టీకా వేయించువారి సంఖ్య మిక్కిలి తగ్గిపోయెను. 2017లో అచ్చటి ఆరోగ్యశాఖ, కాన్సరు సంఘము, వైద్యుల సంఘము కూడి బదులు ప్రయత్నము చేసిరి. వారు తల్లులను మందలింపలేదు. ఈ వ్యాధిని అనుభవించిన స్త్రీలచేత చిన్నచిన్న వీడియోలలో తమ కథలను చెప్పించిరి. వానిక్రింద తల్లులు వ్రాసిన ప్రశ్నలకు ఓపికతో ప్రత్యుత్తరము లిచ్చిరి. టీకా వేయించువారు మరల పెరిగిరి. ఒక చిత్రము పోగొట్టిన నమ్మకమును తిరిగి తెచ్చినది చిత్రమును, దాని వెంబడి వచ్చిన జవాబును కలిసియే.

కావున మీరు చూచు వీడియో మంచిదో కాదో తెలిసికొనుట కివి గుర్తులు. దానిని చేసిన వైద్యశాల యేదో, ప్రభుత్వశాఖ యేదో స్పష్టముగా చెప్పవలయును. ఏ సంవత్సరమున చేసినదో తెలియవలయును. ఏలయన మోతాదుల సంఖ్య కాలముతో మాఱినది. టీకా వలని మేలుతోపాటు దానివలన కలుగు చిన్న బాధలనుకూడ దాచక చెప్పవలయును. "నేడే కొనుడు" అని తొందరపెట్టునది, లేదా డబ్బు పంపుమనునది చూడక విడిచిపెట్టుడు. అన్నిటికంటె ముఖ్యముగా, చిత్రము ముగిసిన పిమ్మట ప్రశ్న లడుగుటకు ఒక మనిషి యుండవలయును. పాఠశాలలో చూపినచో దాదియో వైద్యురాలో అచ్చట నిలిచి యుండవలయును. ఇంట చూచినచో మీ ప్రశ్నలను కాగితముమీద వ్రాసికొని వైద్యుని యొద్దకు తీసికొనిపొండు.

తల్లులు తఱచుగా అడుగు ప్రశ్నలను కొన్నిటిని ఇచ్చటనే చెప్పుచున్నాను.

"ఈ టీకా వలన పిల్లకు రేపు సంతానము కలుగదా?" ఈ భయము పలుచోట్ల వినబడుచున్నది. అట్టి హాని కలుగునని ఏ పరిశోధనయు నిరూపింపలేదు. పైగా కాన్సరు వచ్చి, గర్భసంచిని తీసివేయవలసివచ్చినప్పుడే సంతానమునకు ముప్పు.

"సూది వేసినప్పుడు ఏమగును?" చేయి నొప్పి, వాపు, కొంచెము జ్వరము, తలనొప్పి కలుగవచ్చును. అవి ఒకటి రెండు దినములలో తగ్గును. ఈ వయసు పిల్లలు సూదిని చూచియే కొందఱు సొమ్మసిల్లుదురు. అందుచేత కూర్చుండబెట్టి వేయించి, పదునైదు నిమిషము లచ్చటనే ఉంచుడు. ఏమియు తినక పంపకుడు. పూర్వ మేదైన టీకాతో తీవ్రమైన దద్దురులు, ఊపిరాడకపోవుట కలిగియుండినచో, లేక ఆనాడు జ్వరము గట్టిగా నున్నచో ముందుగా వైద్యునికి చెప్పుడు.

"ఎన్ని మోతాదులు?" పదునైదేండ్లలోపు వారికి ఆరు మాసముల యెడముతో రెండు, ఆ వయసు దాటినవారికి మూడు అని పూర్వమునుండి వచ్చు పద్ధతి. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఒక్క మోతాదును అంగీకరించినట్లు పైన చెప్పితిని. మీ పిల్లకు ఏది తగినదో వైద్యుడు చెప్పును.

"పిల్లకు ఏమని చెప్పుదుము?" పెద్దమనిషి యైననాడు శరీరమును గూర్చి చెప్పిన తల్లికి ఇది యేమంత కష్టము కాదు. "నీవు పెద్దయైన పిమ్మట వచ్చు నొక పెద్ద జబ్బును ఈనాడే అడ్డుకొనుచున్నాము" అన్న చాలును. ఈ టీకా వలన పిల్లలకు చెడుబుద్ధులు పుట్టునను భయము వలదు. పసితనమున కామెర్ల టీకా వేయించినాము. దాని వలన ఏ బిడ్డ చెడినది? పిల్ల స్వయముగా అడిగిన ప్రశ్నను మాత్రము "నీకేల" యని త్రోసిపుచ్చకుడు. సూది గ్రుచ్చబడు చేయి ఆమెది.

"టీకా వేసినచో ఇక పరీక్షలతో పని లేదా?" కలదు. టీకా అన్ని రకముల వైరసులను ఆపలేదు. మఱియు ఈ చిత్రమును చూచు తల్లి తన్నుతాను మఱవరాదు. ముప్పదేండ్లు దాటిన స్త్రీలు అయిదేండ్ల కొకసారి యైనను గర్భాశయ ముఖద్వారమును పరీక్ష చేయించుకొనవలయును. ముట్టు నిలిచిన పిమ్మట మరల రక్తము కనబడినను, భర్తతో కలిసిన పిమ్మట రక్తము కనబడినను, దుర్వాసనతో తెల్లబట్ట యగుచున్నను సిగ్గుపడి దాచక వెంటనే చూపించుకొనుడు.

ఇక ఫిలిం నగరు వారికి ఒక మాట. ఆ స్టూడియోలకు, జూబ్లీ హిల్సు మేడలకు కూతవేటు దూరముననే బస్తీలు గలవు. ఆ మేడలలో గిన్నెలు తోమి, బట్టలుతికి, వంటచేయు స్త్రీలు పెక్కుమంది ఆ బస్తీలవారే. 2018 నుండి నగరమున బస్తీ దవాఖానాలు తెఱువబడినవి. మీరు తీయు పది నిమిషముల చిత్రము మొదట ఆ దవాఖానా వరండాలో ఆడవలయును. దానిని పత్రికల తెలుగులో కాక, ఆ తల్లులు మాటలాడుకొను తెలుగులో తీయుడు. ఉర్దూలోను, లంబాడీలోను గొంతులు మార్చుడు. కోయభాషలోను తప్పక చేయుడు. 2009లో భద్రాచలపు కోయతల్లులకు చెప్పకపోయిన మాట, ఆలస్యముగా నైనను, వారి భాషలో వారికి చేరవలసియున్నది. పెద్ద నటుడు దొరకకున్నను కొఱత లేదు. ఈ వ్యాధినుండి కోలుకొన్న స్త్రీ తన యిష్టముతో కెమెరా ముందు కూర్చుండి, తన మాటలతో చెప్పినచో చాలును.

సోదరీమణులారా! 2024 ఫిబ్రవరి 1వ తేదీన బడ్జెటు ప్రసంగమున ఆర్థికమంత్రిణి నిర్మలా సీతారామన్‌గారు, తొమ్మిది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు ఈ టీకాను ప్రభుత్వము ప్రోత్సహించునని ప్రకటించిరి. సిక్కిము రాష్ట్రము అంతకు మునుపే 2018లో బడులద్వారా ఆ వయసు బాలికలలో నూటికి తొంబదిమందికి పైగా టీకా వేయించినది. అచ్చటి తల్లులు చేయగలిగినది మనము చేయలేమా? మీ ప్రాంతపు ఆరోగ్యకేంద్రమున ఎట్టి యేర్పాటు గలదో కనుగొనుడు. ఎవరైన అంగీకారపత్రము తెచ్చినచో, చదువక సంతకము చేయకుడు. భయపడి చింపివేయకుడు. చదివి, అడిగి, తృప్తిపడిన పిమ్మట మీ చేతితో వ్రాలు చేయుడు.

మీ యింట పనిచేయు ఆమెకును పండ్రెండేండ్ల కూతురుండవచ్చును. ఆ మధ్యాహ్నము ఆమెనుకూడ కూతురితో రమ్మని, మీ ప్రక్కనే కూర్చుండబెట్టుకొని ఆ చిత్రమును చూపుడు. ఆమె యేమైన అడిగినచో, తెలిసినది చెప్పుడు. తెలియనిది కాగితముమీద మీ ప్రశ్నల క్రిందనే వ్రాయుడు.